తూము

కళ్లు కారుతున్నాయని పోతే
కళ్లు ఎండిపోయాయన్నది డాక్టర్.
నవ్వొచ్చింది. కర్చీఫ్ తీసి చూపించాను,
పిండితే కారేటంత తడి.

"అవి ఫైరింజన్ నీళ్లమ్మా" అన్నది తబస్సుమ్ డాక్టర్.
"మంట పుడితే ఉరికొస్తాయి, పోతాయి.
మొక్కకి పనికిరావు."

ఆరేళ్లుగా చూడటమే నా ఉద్యోగం.
కంట్రోల్ రూములో గోడ నిండా తెరలు,
అమీర్‌పేట, ఎర్రగడ్డ, మూసాపేట చౌరస్తాలు
రాత్రి పది నుంచి తెల్లారి ఆరు దాకా.
ఒకసారి డివైడర్ మీద పడుకున్న మనిషి
నిద్రపోతున్నాడా, ఇంకేమన్నానా అని
వాడి చెయ్యి కదిలేదాకా
రెప్ప వేయకుండా చూశాను.
పైన ఏసీ, తిన్నగా మొహమ్మీదికి.

మెడికల్ షాపు పిల్లాడు ఎర్రదనం పోయే చుక్కలిచ్చాడు.
మూడు రోజులు తెల్లగా,
నాలుగో రోజు మునుపటి కన్నా ఎర్రగా.
రెప్పల కింద ఎవరో ఇసుక పోసి
ఇల్లు కట్టకుండా వెళ్లిపోయినట్టు.
ఆడబిడ్డ నన్ను పక్కకి పిలిచి
"అన్న ఏమన్నా అన్నాడా" అని అడిగింది.
పాపం ఆయన ఏమీ అనలేదు.

కింది రెప్పకి సన్నని కాగితం తగిలించింది
హారిక అనే టెక్నీషియన్ పిల్ల.
ఐదు నిమిషాలు కళ్లు మూసుకోవాలి.
బయట టోకెన్ నంబర్లు పిలుస్తున్నారు,
ఎవరిదో పసిబిడ్డ దగ్గుతోంది.
ఆరేళ్లలో డ్యూటీ టైములో
ఇంతసేపు నేనేమీ చూడకపోవడం ఇదే మొదలు.
"నీళ్లకి లోటు లేదు మేడమ్" అన్నది, స్కేలు పెట్టి కొలిచి.

తర్వాత పసుప్పచ్చ మందు, నీలం దీపం.
"రెప్ప వేయకండి."
ఆ మాట నాకు చెప్పాలా?
ఒకటి, రెండు, మూడు,
"పగిలింది" అన్నది డాక్టర్.
పది లెక్కపెట్టేదాకా నిలవాల్సిన పొర.

రెప్పల అంచున నూనె బుడ్లుంటాయట, వరసగా.
నా వాటిలో నూనె
చలికాలం నెయ్యిలా పేరుకుపోయింది.
మూత లేని గిన్నె, మే నెల డాబా,
ఎన్ని నీళ్లు పోస్తే మాత్రం ఏం?

"ముందు నూనె కరగనీ.
అప్పటికీ చాలకపోతే, ఇక్కడ, ముక్కు పక్కన
నీళ్లు పోయే సన్న రంధ్రముంది,
దానికి బిరడా పెడదాం."
"తూము" అన్నాను.
"క్యా?" అన్నది.
చెప్పాను. మా తాత నీరటి.
నాగులకుంట తూము తీసేదీ మూసేదీ ఆయనే.
ఆ కుంట ఇప్పుడు నా పదిహేడో తెర,
యూటర్న్, రెండు బ్యాంకులు, బిర్యానీ హోటల్.
వాన పడ్డ రాత్రి మాత్రం
నీళ్లు పాత దారి వెతుక్కుంటూ వచ్చి
బైకులని నెట్టుకుపోతాయి.

మా ఆయన వాటర్ ట్యాంకర్ తోలుతాడు.
చుక్కల సీసా తిప్పి తిప్పి ధర చదివాడు.
పది మిల్లీలీటర్లు, నాలుగొందలు.
వేళ్ల మీద లెక్కేసి గుటక మింగాడు.
"నా ట్యాంకరు నిండా అయితే ఇరవై కోట్లే!"
అయినా పొద్దున్నే
అన్నం కుక్కర్ మూత మీద తువ్వాలు వేడిచేసి
తన చెంపకి ఆనించి చూసుకుని
నా కళ్ల మీద పరుస్తాడు, పది నిమిషాలు.
చీకట్లో అన్నం ఉడుకుతున్న వాసన.

మూడు నెలలు పడుతుందన్నది, ఇంకా కూడా పట్టొచ్చు.
ఏసీ రెక్క పక్కకి తిప్పించాను.
ఇరవై నిమిషాలకోసారి కిటికీ వైపు చూస్తున్నాను.
"ఆ గ్యాపులో ఏమన్నా అయితే?" అన్నాడు సూపర్‌వైజర్.

నిన్న రాత్రి మూసాపేటలో, తెర తొమ్మిది,
కూరగాయల బుట్టతో ఒక ముసలమ్మ
రోడ్డు దాటాలని ఒకడుగు వేసి, వెనక్కి తీసి,
మళ్లీ వేసి, మళ్లీ తీసి.
నాకు మంట మొదలైంది.
నిండుగా, డాక్టర్ నేర్పినట్టు,
పై రెప్ప కింది రెప్పని తాకేలా మూశాను.
తెరిచేసరికి
అవతలి ఫుట్‌పాత్ మీద నిలబడి
బుట్ట సర్దుకుంటోంది.